కోరలు పీకిన పాట, కోరలు మొలిచిన పాట

వేదిక మీద పాట మరిచిపోవడం పాటగాళ్ళకు పీడకల. కానీ మరిచిపోయిన చోటే పాట మళ్ళీ పుడితే?

1960 ఫిబ్రవరి 13. పశ్చిమ బెర్లిన్‌లోని డాయిచ్‌లాండ్‌హాలె. వేలాది మంది ముందు అమెరికన్ నల్లజాతి గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 'మాక్ ద నైఫ్' పాట ఎత్తుకుంది. కొంత దూరం పోయాక మాటలు మరిచిపోయింది. అయినా ఆగలేదు. మరిచిపోయిన సంగతినే పాటలో పెట్టి, అప్పటికప్పుడు కైగట్టి పాడింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించింది. తన పాటను తానే వెక్కిరించుకుంది. జనం ఊగిపోయారు. ఆ రికార్డింగ్‌కు గ్రామీ అవార్డు కూడా వచ్చింది.

ఇదంతా జాజ్ సంగీతం వినేవాళ్ళకు తెలిసిన కథే. వాళ్ళు కూడా అంతగా పట్టించుకోనిది ఆ హాలు కథ. 1936 ఒలింపిక్స్ కోసం కట్టించిన ఆ హాలును 1935 నవంబర్‌లో ప్రారంభించింది స్వయంగా హిట్లర్. యుద్ధంలో బాంబులకు దెబ్బతింటే తర్వాత మళ్ళీ కట్టారు. ఎల్లా పాడిన పాటకు బాణీ కట్టిన కుర్ట్ వైల్ ఒక యూదుడు. హిట్లర్ గద్దెనెక్కి రెండు నెలలు తిరగకముందే, 1933 మార్చిలో, ఉన్న ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చిన మనిషి. చచ్చేదాకా మళ్ళీ జర్మనీ గడ్డ మీద కాలు పెట్టలేదు. 1950 ఏప్రిల్ 3న, యాభై ఏళ్ళకే, న్యూయార్క్‌లో చనిపోయాడు.

మనిషిని తరిమేశారు. పాట మాత్రం తిరిగి వచ్చింది. అదీ తరిమినవాడు కొబ్బరికాయ కొట్టిన హాలుకే, ఒక నల్లజాతి స్త్రీ గొంతులో, మాటలు మరిచిపోయి మరీ. జాతి పేరు చెప్పి సంగీతాన్ని స్వచ్ఛమైనదనీ, కుళ్ళినదనీ విడదీసిన వాళ్ళకు ఇంతకంటే పెద్ద జవాబు ఏముంటుంది?

ఒక సంగీతకారుడి వారసత్వం అంటే ఏమిటి? రాసిపెట్టిన కాగితాలా? మొదట పాడిన పద్ధతా? లేక తర్వాత పాడినవాళ్ళు చేసిన మార్పులా? కుర్ట్ వైల్ జీవితం, ఆయన పాటల జీవితం పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

సంతలో పాట

వైల్ 1900 మార్చి 2న జర్మనీలోని డెసావ్‌లో పుట్టాడు. తండ్రి యూదుల ప్రార్థనాలయంలో ప్రార్థనలు పాడే గాయకుడు. కొడుకు బెర్లిన్ పోయి బుసోని అనే పెద్ద సంగీత గురువు దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. సింఫనీలు రాసుకుంటూ పెద్దమనుషుల మెప్పు పొందే దారి ఆయన ముందు తెరిచే ఉంది. కానీ ఆయన నాటకశాల వైపు నడిచాడు.

1928 ఆగస్టు 31న బెర్లిన్‌లోని షిఫ్‌బాయర్‌డామ్ థియేటర్‌లో 'త్రీపెన్నీ ఒపెరా' తెర లేచింది. మన మాటల్లో చెప్పాలంటే మూడు పైసల సంగీత నాటకం. దాని మూలం సరిగ్గా రెండు వందల ఏళ్ళ కిందటిది. 1728లో లండన్‌లో జాన్ గే రాసిన 'బెగ్గర్స్ ఒపెరా'. దాన్ని ఎలిజబెత్ హౌప్ట్‌మాన్ అనే రచయిత్రి జర్మన్‌లోకి తెచ్చింది. బెర్టోల్ట్ బ్రెక్ట్ దాన్ని తన నాటకంగా మలిచాడు. వైల్ బాణీలు కట్టాడు. దొంగల నాయకుడు మాక్‌హీత్, ముష్టివాళ్ళకు వేషాలు అద్దెకిచ్చి వాటా వసూలు చేసే కంపెనీ యజమాని పీచమ్, దొంగతో చేతులు కలిపిన పోలీసు అధికారి. జేబుదొంగకూ గౌరవనీయుడైన వ్యాపారికీ తేడా ఎంత? అదీ ఆ నాటకం అడిగిన ప్రశ్న.

వాద్య బృందంలో ఉన్నది ఏడుగురే. ఒక్కొక్కరు రెండు మూడు వాద్యాలు మార్చి మార్చి వాయించారు. పాడినవాళ్ళు ఒపెరా విద్వాంసులు కాదు, నాటకాల నటులు. వీధిలో వినిపించే డాన్సు బాణీలు, చర్చిలో పాడే కీర్తనల పోకడ, జాజ్ ఊపు, అన్నీ కలిపాడు వైల్. చెవికి తీయగా ఉంటుంది. మాట విన్నాక గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది. ఆ తీపికీ ముల్లుకూ మధ్య ఉన్న దూరమే వైల్ సంగీతం.

'మాక్ ద నైఫ్' పుట్టుక కథ ఇంకా విచిత్రం. వైల్ భార్య, నటి లొట్టే లెన్యా తర్వాతి కాలంలో దాన్ని చెప్పింది. మాక్‌హీత్ వేషం వేసిన హరాల్డ్ పాల్‌సెన్‌కు తన మీద తనకు మోజు ఎక్కువ. తన ప్రవేశం ఘనంగా ఉండాలని పట్టుబట్టాడట. సరే, నీ గురించి ఒక పాట పెడతాం అన్నారు. పెట్టారు. కానీ అది పొగడ్త కాదు, నేరాల చిట్టా. పైగా పాడేది వీధి పాటగాడు.

జర్మన్ సంతల్లో పాతకాలం నుంచి ఇలాంటి పాటగాళ్ళు ఉండేవాళ్ళు. బొమ్మల బోర్డు నిలబెట్టి, కర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ, ఫలానా ఊళ్ళో జరిగిన హత్య ఇది, హతుడు వీడు, హంతకుడు వాడు అని పాడేవాళ్ళు. ఆ పాటను 'మోరిటాట్' అంటారు. చేర్యాల నకాషీ పటం విప్పి కథ చెప్పేవాళ్ళను చూసినవాళ్ళకు దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. ప్రపంచంలో సగానికి సగం వార్తాపత్రికలు పుట్టింది ఇలాంటి కర్ర చివర నుంచే.

పేరు ఎవరిది? పైసలు ఎవరివి?

పెట్టుబడి మీద విసిరిన ఆ నాటకం లోపల కూడా వాటాల లెక్క ఒకటుంది. వచ్చే రాయల్టీలో బ్రెక్ట్‌కు 62.5 శాతం, సంగీతం కట్టిన వైల్‌కు 25 శాతం, అసలు ఇంగ్లీషు నాటకాన్ని జర్మన్‌లోకి తెచ్చిన హౌప్ట్‌మాన్‌కు 12.5 శాతం. ఆ నాటకం పేరు చెబితే ఈరోజుకీ లోకం మొదట తలుచుకునేది బ్రెక్ట్‌నే. హౌప్ట్‌మాన్ పేరు ఎంతమందికి తెలుసు? 'అలబామా సాంగ్' ఇంగ్లీషు మాటలు కూడా ఆమె రాసినవే. 1967లో డోర్స్ బృందం ఆ పాట పాడితే కోట్ల మంది విన్నారు. విన్నవాళ్ళలో హౌప్ట్‌మాన్ ఎవరని అడిగినవాళ్ళు ఎందరు?

లెన్యా సంగతి మరొకటి. వియన్నాలో పేద కుటుంబంలో పుట్టిన పిల్ల. సంగీతం చదవడం కూడా రాదు. నాటకంలో జెన్నీ అనే వేశ్య పాత్ర వేసింది. తొలి ప్రదర్శన రోజు అచ్చయిన కరపత్రంలో అందరి పేర్లూ ఉన్నాయి. ఆమె పేరే లేదు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే వైల్ ఆ రోజు మండిపడ్డాడు. ఆమెను వేదిక ఎక్కనివ్వనన్నాడు. చివరికి ఆమే ఆయనకు నచ్చజెప్పి వేదిక ఎక్కింది.

ఈ చిన్న సంగతిని పాఠకులు యాదిలో ఉంచుకోవాలి. దీనికి మళ్ళీ వస్తాను.

పాటంటే ఎందుకంత భయం?

1928 నుంచి 1933 దాకా ఆ నాటకం యూరప్ అంతా తిరిగింది. 18 భాషల్లోకి వెళ్ళిందనీ, పదివేలకు పైగా ప్రదర్శనలు జరిగాయనీ లెక్క. 1930 మార్చిలో లైప్‌జిగ్‌లో వైల్, బ్రెక్ట్‌ల మరో ఒపెరా 'మహాగొన్ని' ఆడితే నాజీ మూకలు హాల్లోకి వచ్చి అల్లరి చేశాయి. 1933 ఫిబ్రవరి 18న, హిట్లర్ ఛాన్సలర్ అయిన మూడు వారాల లోపే, వైల్ కొత్త నాటకం 'సిల్వర్ లేక్' ఒకేసారి మూడు ఊళ్ళలో మొదలైంది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపించారు. మార్చిలో వైల్ పారిస్ దారి పట్టాడు. 1938లో డ్యుసెల్‌డార్ఫ్‌లో 'కుళ్ళిన సంగీతం' అని పేరు పెట్టి నాజీలు ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. జనం అసహ్యించుకోవాలని వైల్ సంగీతాన్నీ అందులో చేర్చారు.

తుపాకులు, పోలీసులు, రేడియో, పేపర్లు అన్నీ చేతిలో ఉన్నవాడు ఏడుగురు వాయించే పాటకు ఎందుకు భయపడాలి? ఎందుకంటే ఆ పాటను జనం ఇంటికి తీసుకుపోతారు. కాగితం తగలబెట్టొచ్చు. కూనిరాగాన్ని ఎవడు తగలబెడతాడు?

ఇద్దరు వైల్‌లు ఉన్నారా?

1935 సెప్టెంబర్‌లో వైల్, లెన్యా న్యూయార్క్‌లో ఓడ దిగారు. తర్వాతి పదిహేనేళ్ళు ఆయన బ్రాడ్‌వే నాటకాలకు సంగీతం కట్టాడు. ఇక్కడి నుంచే పెద్ద పంచాయితీ మొదలైంది. యూరప్ విమర్శకులు, ముఖ్యంగా అడోర్నో లాంటి సిద్ధాంతకర్తలు, బెర్లిన్ వైల్ విప్లవకారుడు, న్యూయార్క్ వైల్ అమ్ముడుపోయినవాడు అన్నారు. అమెరికాలో చాలామందికి ఆయన బెర్లిన్ పని సంగతే తెలియదు. ఒకే మనిషిని రెండుగా కోసి ఒక్కో ఖండం ఒక్కో ముక్కను పంచుకుంది.

వైల్ ఏమన్నాడు? 1940లో ఒక న్యూయార్క్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో దాచుకోకుండా చెప్పాడు. తాను రాసేది ఇప్పటి మనుషుల కోసమేననీ, రేపటి తరాల మెప్పు తనకు అక్కర్లేదనీ అన్నాడు. గంభీర సంగీతం, తేలిక సంగీతం అనే తేడాను తాను ఒప్పుకోననీ, ఉన్నదల్లా మంచి సంగీతం, చెడ్డ సంగీతమేననీ అన్నాడు. 1947లో 'లైఫ్' పత్రిక ఆయన్ని జర్మన్ సంగీతకారుడని రాస్తే, తాను అమెరికన్‌నేనని ఉత్తరం రాసి సరిదిద్దాడు. తరిమేసిన ఇంటి పేరు నన్ను పెట్టి పిలవొద్దు అని చెప్పడం ఆయన హక్కు.

లెన్యా కూడా వైల్ ఒక్కడే, ఇద్దరు లేరు అని వాదిస్తూ వచ్చింది. నా అభిప్రాయం కూడా అదే. అమెరికాలో ఆయన చేసిందంతా నిప్పే అని నేననను. వినోదం కోసం చేసినవీ ఉన్నాయి, పొట్టకూటి కోసం చేసినవీ ఉన్నాయి. కొలువు చేసుకునే ప్రతివాడికీ అది తెలిసిన సంగతే. కానీ 1947లో న్యూయార్క్ పేదల కాలనీ మీద 'స్ట్రీట్ సీన్' చేసినప్పుడు పాటల మాటల కోసం ఎవరి దగ్గరికి పోయాడు? నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ దగ్గరికి. ఆయన వెంట హార్లెం పోయి అక్కడి పాటలు విన్నాడు. 1948లో 'డౌన్ ఇన్ ద వ్యాలీ' అని జానపద బాణీలతో ఒక చిన్న ఒపెరా కట్టాడు. అది కాలేజీ పిల్లలు, ఔత్సాహికులు ఆడుకోవడానికి కట్టింది. 1949లో చివరి నాటకం 'లాస్ట్ ఇన్ ద స్టార్స్'. దక్షిణాఫ్రికా జాతి వివక్ష మీద అలన్ పేటన్ రాసిన నవల దానికి మూలం. జాతి పేరుతో తరమబడ్డవాడు, జాతి పేరుతో తొక్కబడ్డవాళ్ళ కథతో తన పని ముగించాడు. అమ్ముడుపోయినవాడు చేసే పనా ఇది?

కోరలు పీకడం అంటే

వైల్ పోయిన నాలుగేళ్ళకు, 1954లో, న్యూయార్క్‌లోని చిన్న థియేటర్ 'ద లీ'లో 'త్రీపెన్నీ ఒపెరా' ఇంగ్లీషులో మొదలైంది. ఇంగ్లీషు చేసింది మార్క్ బ్లిట్జ్‌స్టైన్. 1937లో కార్మికుల నాటకం 'ద క్రేడిల్ విల్ రాక్' ఆడబోతే థియేటర్‌కు తాళాలు వేసినప్పుడు, ఇంకో హాలుకు నడిచిపోయి నాటకం నడిపించిన సంగీతకారుడు. యాభై దాటిన లెన్యా మళ్ళీ జెన్నీ వేషం కట్టింది. ఆ నాటకం 2,700 పైచిలుకు ప్రదర్శనలు ఆడింది.

అమెరికాలో అది కమ్యూనిస్టుల వేట నడుస్తున్న కాలం. మోరిటాట్ పాటలో మాక్ చేసిన నేరాల్లో రెండు మహా ఘోరమైనవి ఉన్నాయి. ఒకటి, ఇల్లు తగలబెట్టి ఏడుగురు పిల్లల్ని చంపడం. రెండు, నిద్రపోతున్న ఒక పడుచు విధవ మీద అత్యాచారం. ఇంగ్లీషులో జనం నోట పడ్డ పాటలో ఈ రెండూ లేవు. మిగిలినవి నది, సంచి, కత్తి, కనబడకుండా పోయిన డబ్బున్నవాడు. హత్య ఒక సరదా కథగా మారింది.

1955లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడాడు. 1959లో బాబీ డారిన్ రికార్డు అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. హంతకుడు హీరో అయ్యాడు. చిటికెలు వేస్తూ, భుజాలు ఎగరేస్తూ పాడుకునే పాట అయింది. చివరికి ఎక్కడ తేలింది? 1980ల్లో మెక్‌డొనాల్డ్స్ ప్రకటనలో. చందమామ తలకాయ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక బొమ్మ మనిషి పియానో వాయిస్తూ రాత్రి పూట బర్గర్ తినడానికి రమ్మని పిలిచాడు. బాణీ అదే. ముష్టినీ వ్యాపారంగా మార్చే కంపెనీలను వెక్కిరించడానికి పుట్టిన నాటకంలోని పాట, ఒక కంపెనీ సరుకు అమ్మింది.

పాటను నిషేధించిన వాళ్ళకంటే వీళ్ళు తెలివైనవాళ్ళు. నిషేధిస్తే పాట చావదు, దాక్కుంటుంది. కోరలు పీకి మెడలో గంట కడితే పాట పెంపుడు జంతువు అవుతుంది. హిట్లర్ చేయలేని పనిని మార్కెట్ నవ్వుతూ చేసింది.

అయితే ఇక్కడ ఒక న్యాయం కూడా చెప్పాలి. 1955లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ పాట రికార్డు చేస్తుంటే లెన్యా ఆ స్టూడియోలోనే ఉంది. ఆయన పాటలో వచ్చే ఆడవాళ్ళ పేర్ల వరసలో, అప్పటికప్పుడు, ఆమె పేరు కూడా కలిపి పాడేశాడు. తర్వాత డారిన్ అలాగే పాడాడు. అలా ఆ పేరు ఆ పాటలోనే నిలిచిపోయింది. 1928లో కరపత్రం మీద అచ్చు కాని పేరు, 27 ఏళ్ళ తర్వాత ఒక నల్లజాతి పాటగాడి పుణ్యాన పాటలోకి ఎక్కింది. ఈరోజుకీ ఆ పాట ఎక్కడ మోగినా ఆ పేరు మోగుతుంది. అందుకే మార్కెట్‌కు పోయిన పాటంతా బూడిదే అని నేను చెప్పలేను. బూడిద కింద కూడా నిప్పురవ్వలు ఉంటాయి. వెతికే సోయి ఉండాలి.

కోరలు మొలవడం అంటే

ఇప్పుడు అదే నాటకంలోని ఇంకో పాట చూద్దాం. 'పైరేట్ జెన్నీ'. హోటల్లో గ్లాసులు కడిగి, పక్కలు సర్దే పనిమనిషి పాట. అందరూ ఆమెకు చిల్లర విసిరి నవ్వుతుంటారు. ఆమె మనసులో మాత్రం ఒక ఓడ వస్తుంటుంది. సముద్రపు దొంగల ఓడ. అది వచ్చి ఊరంతా నేలమట్టం చేస్తుంది. ఎవరిని చంపాలో ఆమెనే అడుగుతారు. ఆమె చెప్పే తీర్పు వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

1964లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో నీనా సిమోన్ ఈ పాట పాడింది. ఆమె ఉత్తర కరోలినాలో పుట్టిన నల్లజాతి బిడ్డ. పియానో విద్వాంసురాలు కావాలనుకుంటే పెద్ద సంగీత విద్యాలయం చేర్చుకోలేదు. తన రంగే కారణమని ఆమె జీవితాంతం నమ్మింది. 1963లో మిసిసిపీలో మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపారు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేల్చి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. ఆ మంటలోనే 'మిసిసిపీ గాడ్డామ్' అనే పాట రాసింది. అదే కచేరీ ఆల్బమ్‌లో దాంతో పాటు 'పైరేట్ జెన్నీ' కూడా ఉంది.

బాణీ వైల్‌ది. కథ అదే. కానీ హోటల్ లండన్‌లో లేదు. అమెరికా దక్షిణాదికి వచ్చేసింది. నేల తుడిచే పనిమనిషి ఇప్పుడు తరతరాలుగా తెల్లవాళ్ళ ఇళ్ళలో నేల తుడిచిన నల్లజాతి ఆడది. ఓడ పేరులో ఉన్న నలుపు అనే మాటకు కొత్త అర్థం వచ్చింది. ఒకప్పుడు ఓడల్లో బానిసలుగా తెచ్చినవాళ్ళ మనుమరాలు ఇప్పుడు ఓడ కోసం ఎదురుచూస్తోంది. కొన్నిచోట్ల ఆమె పాడదు, గుసగుసగా మాట్లాడుతుంది. ఆ గుసగుస ముందు ఎంత గట్టి అరుపైనా చాలదు.

బెర్లిన్‌లో 1928లో ఈ పాట ఒక నాటకంలోని ముక్క. అందులో బెదిరింపు ఉంది, నవ్వు కూడా ఉంది. నీనా నోట్లో నవ్వు పోయింది. వైల్ ఊహించని కోరలు మొలిచాయి. ఆయన కట్టిన బాణీకి ఇంత బలం ఉందని ఆమె పాడినాకే లోకానికి తెలిసింది.

మార్చడం ద్రోహమా?

ఒక మిత్రుడితో ఈ మాట అంటే అతను ఒప్పుకోలేదు. "మార్చడమే తప్పు. ఒకరు మార్చి మంచి చేస్తే, పదిమంది మార్చి చెడగొడతారు. మూలం మూలంగానే ఉండాలి" అన్నాడు. ఈ వాదనలో బలం ఉంది. 1930లో 'త్రీపెన్నీ ఒపెరా' సినిమా తీస్తున్నప్పుడు వైల్ కూడా తన సంగీతాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చొద్దని కోర్టుకెక్కాడు. బ్రెక్ట్ కేసు ఓడిపోయాడు, వైల్ గెలిచాడు. తన బాణీ మీద తన హక్కును ఆయన వదులుకోలేదు.

కానీ అసలు మూలం ఏది? మనం అసలు గొంతు అనుకునేది లెన్యా గొంతే కదా. 1920ల్లో ఆమెది సన్నని, ఎత్తైన, చిన్నపిల్ల లాంటి గొంతు. 1950ల్లో ఆమె ఆ పాటలన్నీ మళ్ళీ రికార్డు చేసేనాటికి గొంతు మందగించింది, బరువెక్కింది. శ్రుతి దించి పాడాల్సి వచ్చింది. యుద్ధం, వలస, భర్త చావు, అన్నీ ఆ గొంతులో ఉన్నాయి. లోకమంతా ఇదే అసలు వైల్ అనుకున్నది ఆ రెండో గొంతును విని. అంటే మొదటి మార్పు చేసింది స్వయంగా ఆమే.

ఇంకో ఉదాహరణ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాల్సింది. 1930లో వైల్, బ్రెక్ట్ బడిపిల్లల కోసం 'డెర్ యాజాగర్' అనే చిన్న ఒపెరా చేశారు. 'సరేనన్నవాడు' అని అర్థం. ఊరి మేలు కోసం, ఆచారం ప్రకారం, ఒక కుర్రాడు తన చావుకు తానే సరేనంటాడు. జర్మనీ బళ్ళలో అది వందల సార్లు ఆడారు. బెర్లిన్‌లోని నోయ్‌కోల్న్ ప్రాంతంలో కార్ల్ మార్క్స్ స్కూలు పిల్లలు ఆడి, కూర్చుని చర్చించి, ఎందుకు సరేననాలి అని నిలదీశారు. బ్రెక్ట్ ఆ పిల్లల అభిప్రాయాలను రాయించుకుని, నాటకం మార్చాడు. కాదన్నవాడి నాటకం కూడా రాశాడు. పిల్లల మాటలను అచ్చు కూడా వేయించాడు.

నేను చదివిన ఇంటర్వ్యూలన్నింటిలోకీ నాకు గొప్పగా అనిపించింది ఈ పిల్లల ఇంటర్వ్యూనే. పెద్ద పెద్ద విమర్శకులు అడగని ప్రశ్నను బడిపిల్లలు అడిగారు. మూడేళ్ళు తిరగకుండా దేశమంతా ఒకడికి సరే, సరే అంటూ చేతులెత్తింది. కాదనడం నేర్పే బడి ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

కాబట్టి మార్చడం ద్రోహం కాదు. అయితే మార్చేవాడిని ఒక్క ప్రశ్న అడగాలి. నువ్వు ఎవరి పక్కన నిలబడి మార్చావు? చంపినవాడి పక్కనా, చచ్చినవాళ్ళ పక్కనా? డబ్బు విసిరినవాడి పక్కనా, నేల తుడిచినదాని పక్కనా?

మన దేశానికి ఎట్లా వచ్చింది?

ఈ నాటకం మన దేశానికీ వచ్చింది. 1969లో కలకత్తాలో నాందీకార్ బృందం తరఫున అజితేష్ బందోపాధ్యాయ 'తీన్ పోయ్‌షార్ పాలా' చేశాడు. 1970లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో తూర్పు జర్మనీ దర్శకుడు ఫ్రిట్జ్ బెన్నెవిట్జ్ 'తీన్ టకే కా స్వాంగ్' చేయించాడు. 1978లో పూణే థియేటర్ అకాడమీ కోసం పు.ల. దేశ్‌పాండే మరాఠీలో 'తీన్ పైశాచా తమాషా' రాస్తే జబ్బార్ పటేల్ దర్శకత్వం వహించాడు.

పాలా, స్వాంగ్, తమాషా. ఆ పేర్లు చూడండి. మూడూ ఆయా ప్రాంతాల జనం ఆటల పేర్లు. ఒపెరా అనే మాటను ఎవరూ ఉంచుకోలేదు. మరాఠీవాళ్ళు తమ రంగస్థల బాణీలనూ, పాప్ సంగీతాన్నీ కలిపి కొత్త సంగీతం కట్టుకున్నారు. వైల్ బాణీలు పోతే మరి వైల్ ఎక్కడున్నాడు? పద్ధతిలో ఉన్నాడు. జనానికి ముందే తెలిసిన బాణీని తీసుకుని, దాన్ని దొరల మీదికి తిప్పడం. అదే ఆయన నేర్పిన విద్య.

1977లో నైజీరియాలో వోలే షోయింకా 'ఒపెరా వోన్యోసి' చేసి చమురు డబ్బు మదాన్నీ, ఆఫ్రికా నియంతలనూ వెక్కిరించాడు. 1978లో బ్రెజిల్‌లో సైనిక పాలన నడుస్తుండగా షికో బువార్కే 'ఓపెరా దో మలాంద్రో' చేశాడు. ఎక్కడ దొంగలు కుర్చీల్లో కూర్చుంటారో, అక్కడికి ఈ నాటకం నడిచిపోతుంది. పాస్‌పోర్టు అడగదు.

రికార్డు కంపెనీలూ, సినిమావాళ్ళూ కూడా వైల్‌కు నివాళులు పట్టారు. 1985లో హాల్ విల్నర్ 'లాస్ట్ ఇన్ ద స్టార్స్' పేరుతో రాక్, జాజ్ కళాకారులతో ఒక ఆల్బమ్ చేశాడు. 1994లో కెనడా దర్శకుడు లారీ వైన్‌స్టైన్ 'సెప్టెంబర్ సాంగ్స్' అనే సినిమా తీశాడు. నిక్ కేవ్, పి.జె. హార్వీ, లూ రీడ్, ఎల్విస్ కాస్టెల్లో, బెట్టీ కార్టర్ తలా ఒక పాట పాడారు. వీటిలో కొన్ని పాటలు గుండెను పట్టుకుంటాయి. కొన్ని మాత్రం అలంకారమే. బట్టలు మార్చిన బొమ్మలే. అయినా ఒక మేలు జరిగింది. ఇద్దరు వైల్‌లు అనే పంచాయితీని పాటగాళ్ళు పట్టించుకోలేదు. బెర్లిన్ పాట పక్కన బ్రాడ్‌వే పాట పెట్టి పాడేశారు. అరవై ఏళ్ళు విమర్శకులు తెంచలేని ముడిని గాయకులు గంటన్నరలో విప్పారు.

కత్తిరించిన చరణాలు కూడా వెనక్కి వచ్చాయి. 1976లో న్యూయార్క్‌లో రాల్ఫ్ మన్‌హైమ్, జాన్ విల్లెట్‌ల కొత్త అనువాదంతో నాటకం మళ్ళీ ఆడినప్పుడు ఆ ఏడుగురు పిల్లలూ, ఆ విధవ స్త్రీ మళ్ళీ పాటలోకి నడిచి వచ్చారు. హతులకు తమ చోటు తమకు దక్కింది. నాటకం పుట్టిన బెర్లిన్‌లో, ఆ థియేటర్‌లోనే, 2021లో బారీ కోస్కీ దాన్ని కొత్తగా ఆడించాడు. ఎల్లా పాడిన డాయిచ్‌లాండ్‌హాలెను మాత్రం 2011లో కూల్చేశారు. హాలు పోయింది, పాట ఉంది.

వారసత్వం అంటే తాళం వేసిన పెట్టె కాదు, ఎవడైనా ఏరుకుపోయే చెత్తకుప్పా కాదు. అది చేతులు మారే దివిటీ. పట్టుకున్న ప్రతివాడూ దాని మంటను కాస్త మారుస్తాడు. కానీ దివిటీ పట్టుకుని చీకట్లోకి పోతున్నాడా, దుకాణం ముందు లైటుగా వేలాడదీస్తున్నాడా అనేది చూడాల్సింది మనం.

విద్యార్థులకు, చదువుకున్న మిత్రులకు ఒక చిన్న పని. ఈ పాటలన్నీ ఇప్పుడు వినడం కష్టం కాదు. మొదట లెన్యా పాడిన 'పైరేట్ జెన్నీ' వినండి. వెంటనే నీనా సిమోన్‌ది వినండి. తర్వాత డారిన్ 'మాక్ ద నైఫ్', చివర ఎల్లా బెర్లిన్ రికార్డు. కాలు కదిలితే కదలనివ్వండి, తప్పేం లేదు. కానీ పాట అయిపోయాక ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ పాటలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు మనకు వినిపించాయా, లేక చంపినవాడి పేరొక్కటేనా?

ఏ నేల మీదైనా, ఏ భాషలోనైనా పాటలను అడగాల్సిన ప్రశ్న ఇదే.